గుణింతం చెల్లని చోట

పిడుగురాళ్లలో సున్నం బట్టీల వైపు పోయే దారిలో ఒక పాత నాపరాతి ఇల్లుంది. కింద పెద్దవాళ్లుంటారు, మేడ మీద గదిలో మామయ్య. హైదరాబాదులో చాలాకాలం సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, కరోనా రోజుల్లో లాప్‌టాప్ చంకన పెట్టుకుని ఊరొచ్చినవాడు మళ్లీ వెళ్లలేదు. ఆయన మేనకోడలు నరసరావుపేటలో ఇంజనీరింగ్ చదువుతోంది. వేసవిలో ఇంటర్న్‌షిప్ కోసం గో అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టింది. మొదలుపెట్టిన వారంలోనే దాన్ని చేసినవాళ్లకు బుద్ధి చెప్పాలని బయలుదేరింది. మామయ్యకు తిండి పెడుతున్నది ఆ భాషే. పక్కింటివాణ్ణి కనుక ఇద్దరి మాటా నా చెవిన పడింది. ప్రోగ్రామింగ్ రానివాళ్లకు కూడా ఆ తగువు అర్థమవుతుందనిపించి రాస్తున్నాను. మధ్యలో బ్రాకెట్లలో ఉన్నవి నా మాటలు.

మేనకోడలు: ఏంది మామయ్యా ఈ భాష? ఫైలు తెరిస్తే కింద ఒక కాపలా, చదివితే ఒక కాపలా, రాస్తే ఒక కాపలా. ప్రతి పని కిందా "ఇఫ్ ఎర్ నాట్ ఈక్వల్ నిల్", దాని కింద "రిటర్న్ ఎర్", దాని కింద మూసే బ్రాకెట్. పని చేసే లైన్లు నాలుగు, తప్పు జరిగిందేమో చూసే లైన్లు పన్నెండు. పైథాన్‌లో అయితే అన్నిటికీ కలిపి ఒకచోట "ట్రై" పెట్టేదాన్ని.

మామయ్య: ఎన్నాళ్లయింది నువ్వీ భాషలోకొచ్చి?

మేనకోడలు: అది జవాబు కాదు.

మామయ్య: కాదులే. కానీ ఈ ఫిర్యాదు పుట్టే కాలం నాకు తెలుసు. వేరే భాషలో చేయి తిరిగి ఇందులోకి వచ్చిన కొత్తలో పుడుతుంది. ఇంకో ఏడాదికి నీ చేయే ఆ మూడు లైన్లూ కొట్టుకుంటూ పోతుంది. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోయినప్పుడు ఏ లైన్‌లో ఏం తప్పిందో అవే చెబుతాయి, అప్పుడు వాటి విలువ తెలుస్తుంది. దీన్ని చేసినవాళ్లు ఆ "ట్రై" తెలియక మానేశారనుకున్నావా? 2007లో గూగుల్‌లో కూర్చుని మొదలుపెట్టింది రాబర్ట్ గ్రీసెమర్, రాబ్ పైక్, కెన్ థాంప్సన్. థాంప్సన్ అంటే డెన్నిస్ రిచీతో కలిసి యూనిక్స్ చేసిన మనిషి. ఫైలు దొరకకపోవడంలాంటి మామూలు సంగతిని కూడా ఏదో ఉపద్రవంలా చూడటం అలవాటైపోతుందని, కోడ్ ఎటునుంచి ఎటు పోతుందో చదివేవాడికి తెలియకుండా పోతుందని కావాలనే వదిలేశారు.

మేనకోడలు: కావాలనే చేసింది తప్పు కాకూడదని ఏమన్నా ఉందా?

మామయ్య: లేదు. అందుకే మార్చాలని వాళ్లే చూశారు. 2018లో ఒక నమూనా పెట్టారు. 2019లో గ్రీసెమరే "ట్రై" అని ఇంకోటి తెచ్చాడు. చూడబోతే నువ్వడిగేదానికి దగ్గరగానే ఉంటుంది. వందలమంది వద్దంటే వద్దన్నారు, నెల తిరిగేసరికి వెనక్కి తీసుకున్నాడు. 2025 జూన్‌లో, ఇక ఈ విషయంలో కొత్త రాతపద్ధతుల జోలికి ఇప్పట్లో పోము, ఏది పెట్టినా నలుగురికీ నప్పడం లేదు అని చెప్పేశారు. అప్పుడే గ్రీసెమర్ ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఆ ఏడాది గూగుల్ సభలో వాళ్ల స్టాల్ దగ్గరికొచ్చిన గో వాడకందార్లను అడిగితే, ప్రతి ఒక్కరూ దీని కోసం భాషను కదిలించొద్దన్నారట. కొత్తలోనే ఇబ్బంది, తర్వాత అలవాటైపోతుందన్నారట.

మేనకోడలు: స్టాల్ దగ్గరికి ఎవరొస్తారు మామయ్యా? ఉన్నవాళ్లు వస్తారు. విసిగి వెళ్లిపోయినవాళ్లు ఇంకో భాష స్టాల్ దగ్గర టీ తాగుతుంటారు. వాళ్లనెవరడిగారు?

(ఈ ఒక్క మాటకు మామయ్య దగ్గర వెంటనే బదులు రాలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పిడుగురాళ్లలో అద్దాలు తుడుచుకోవడానికి కారణం వెతుక్కోనక్కర్లేదనుకోండి, సున్నం దుమ్ము ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.)

మేనకోడలు: మన ఇల్లే చూడు. కింద వంటింటి గుమ్మం ఎంత పొట్టిది! ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ నుదురు కొట్టుకుంటుంది. మనకెవరికీ తగలదు, ఎందుకంటే పుట్టినప్పటి నుంచి వంగడం నేర్చాం. ఆ గుమ్మం బాగుందా లేదా అని తాతయ్యను అడిగితే బ్రహ్మాండంగా ఉందనే చెబుతాడు. గుమ్మం సంగతి చుట్టాలకే తెలుస్తుంది.

మామయ్య: చుట్టానికి తెలిసేది నుదురు తగిలిందని. దాని మీద ఏముందో తెలియదు. ఆ గుమ్మం ఎత్తాలంటే పైన దూలం లేపాలి. దూలం లేపితే దాని మీది నాపబండలు, వాటి మీద నా గది. చుట్టం "జానెడు ఎత్తితే పోద్దిగా" అని మజ్జిగ తాగి బస్సెక్కుతాడు. ఉండేది మేము. 2012లో గో 1 ఇచ్చినప్పుడు ఒక మాట ఇచ్చారు, ఇవాళ రాసిన కోడ్ రేపటి కంపైలర్‌లో కూడా ఆడుతుందని. నేను జీతం తీసుకునేది ఆ మాట మీద. పైథాన్ వాళ్లు 2008లో 3 వెర్షన్ తెచ్చి పాతదాన్ని విరగ్గొట్టారు. జనం పాతది వదిలి రావడానికి 2020 దాకా పట్టింది. నీకది చరిత్ర. మాకు అది ఒక ప్రాజెక్టులో పోయిన శని ఆదివారాలు.

మేనకోడలు: సరే, ఎర్రర్ల సంగతి వదిలేస్తా. అందులో నాకూ పూర్తి నమ్మకం లేదు. మరి లూపు సంగతేంటి?

మామయ్య: ఏ లూపు?

మేనకోడలు: గుంటూరు – మాచర్ల లైన్ స్టేషన్లు ఒక జాబితాలో పెట్టా. సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి, గురజాల, రెంటచింతల, మాచర్ల. లూపు తిప్పుతూ ఒక్కో పేరు అచ్చువేయమని, విడిగా నడిచే ఒక్కో గోరొటీన్‌కు అప్పజెప్పా. ల్యాబ్ కంప్యూటర్లో పాత గో ఉంది. ఏం వచ్చిందో తెలుసా? మాచర్ల, మాచర్ల, మాచర్ల, మాచర్ల, మాచర్ల, మాచర్ల. రైలు పిడుగురాళ్లలో ఆగనే లేదు.

మామయ్య: (నవ్వి) ఆరు పనులకూ ఒకే డబ్బా చూపించావు. పనులు మొదలయ్యేసరికి లూపు చివరిదాకా పోయి డబ్బాలో మాచర్ల మిగిలింది.

మేనకోడలు: అది నాకు ఆ తర్వాత తెలిసింది. దానికి మందేంటని చూస్తే, లూపు లోపల ఇంకో లైన్ రాయాలంట. ఎస్ కోలన్ ఈక్వల్ ఎస్. ఎస్‌ని ఎస్‌లో పెట్టడం! చదివినవాడెవడైనా పొరపాటున రాశారని కొట్టేస్తాడు. ఈ తతంగం వాళ్ల "తరచూ అడిగే ప్రశ్నల్లో" ఏళ్ల తరబడి ఉంది. తరచూ అడిగే ప్రశ్నల్లో చేర్చారంటే తరచూ అడిగారనే గదా? అడిగిందెవరు? నాలాంటివాళ్లే. గో 1 రాకముందే ఇది వాళ్ల దృష్టిలో ఉంది, మార్చేంత బాధ కాదులే అనుకున్నారు. బాధ ఎవరికి కాదు?

మామయ్య: మార్చారు. 1.22లో, 2024 ఫిబ్రవరిలో. ప్రతి తిప్పుకూ కొత్త డబ్బా. కొత్త గోలో నీ రైలు ఆరు స్టేషన్ల పేర్లూ చెబుతుంది, వరస మాత్రం అడగొద్దు.

మేనకోడలు: ఎందుకు మార్చారు? కొత్తవాళ్లు అడిగారనా?

మామయ్య: నిజం చెప్పాలంటే పాతవాళ్లే బోల్తాపడ్డారు గనక. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అని, వెబ్‌సైట్లకు ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే సంస్థ ఉంది. వాళ్ల సాఫ్ట్‌వేర్ గోలో రాసిందే. ఒక్కో సర్టిఫికెట్‌లో చాలా సైట్ల పేర్లుంటే, ఇవ్వబోయేముందు ఒక్కోదాన్నీ మళ్లీ తనిఖీ చేయాలి. అది ఒకే పేరును అన్నిసార్లు తనిఖీ చేసి మిగతావాటిని వదిలేసింది. 2020 ఫిబ్రవరి 29న బయటపడింది. ముప్పై లక్షల పైచిలుకు సర్టిఫికెట్లు ప్రశ్నార్థకమయ్యాయి.

మేనకోడలు: అంటే వాళ్ల రైలు కూడా మాచర్లలోనే తేలింది.

మామయ్య: అవును. కానీ అమ్మాయ్, మార్చిన తీరు చూడు. సీ షార్ప్ వాళ్లు ఇదే తప్పును 2012లో దిద్దుకున్నారు, దాన్ని చూశారు. గూగుల్ సొంత కోడంతటికీ 2023 మేలో కొత్త పద్ధతి పెట్టి నాలుగు నెలలు చూశారు, నడుస్తున్న సర్వీసుల్లో ఒక్కటీ దెబ్బతిన్నట్టు ఫిర్యాదు రాలేదు. కొన్ని టెస్టులు మాత్రం ఫెయిలయ్యాయి. తీరా చూస్తే అవి ఇన్నాళ్లూ చివరి ఉదాహరణ ఒక్కదాన్నే పరీక్షించి పాసయ్యామని చెబుతున్న టెస్టులు. అంతా అయ్యాక కూడా, ఎవరి ప్రాజెక్టు ఫైల్లో 1.22 అని రాసుకుంటే వాళ్లకే కొత్త నియమం, రాసుకోనివాళ్లకు పాతదే. డేవిడ్ చేజ్, రస్ కాక్స్ కూర్చుని ఈ లెక్కలన్నీ కట్టారు. "ఏంది ఈ భాష" అన్నవాళ్లు వేలమంది ఉన్నారు. మారింది మాత్రం లెక్క కట్టినప్పుడు.

మేనకోడలు: లెక్క కట్టడానికి వేలమంది మాచర్లకు పోవాల్సి వచ్చింది. మొదట్లోనే వినుంటే లెక్కే అక్కర్లేదు. 1976లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ "మేక్" అనే ప్రోగ్రామ్ రాశాడు, దాని ఫైళ్లలో లైను ముందు ట్యాబే కొట్టాలి, ఖాళీలు పెడితే ఒప్పుకోదు. అది బాగాలేదని కొన్ని వారాలకే ఆయనకు తెలుసు. అప్పటికి వాడుతున్నవాళ్లు డజనుమంది, చాలావరకు స్నేహితులు. వాళ్ల ఫైళ్లు చెడగొట్టడం ఎందుకులే అని ఊరుకున్నాడు. ఆ డజనుమంది మొహమాటానికి ఇవాళ్టికీ ప్రపంచమంతా ట్యాబ్ కొడుతోంది.

(ఈ కథ నాకు అన్నిటికంటే నచ్చింది. మన ఊళ్లలో డజనుమంది మొహమాటం మీద నిలబడ్డ ఆచారాలు ఎన్నో గుర్తొచ్చాయి, వాటి జోలికి ఇక్కడ పోను.)

మామయ్య: అందరూ ఫెల్డ్‌మన్‌లు కారు. పైథాన్‌కి కొత్తగా వచ్చిన ప్రతివాడూ ఇండెంటేషన్ ఏంటి, మీసాల బ్రాకెట్లు పెట్టొచ్చుగా అంటాడు. అలాంటివాళ్ల కోసమే భాషలోనే ఒక చమత్కారం దాచారు. భవిష్యత్తు నుంచి బ్రాకెట్లు తెచ్చివ్వమని ఒక లైన్ రాస్తే, ఆశ వదులుకోమన్నట్టు జవాబొస్తుంది. ఆ నిర్ణయం సరైనదే. ఇవాళ దాని మీద గొడవపడేవాడు లేడు. అంటే నూరు ఫిర్యాదుల్లో తొంభై కాలం మీద వాటంతటవే ఆరిపోతాయి.

మేనకోడలు: ఆ తొంభైతోపాటు మిగతా పదీ ఆరిపోవాలని చూస్తారు గదా మీరు.

మామయ్య: విమర్శ తేలిక తల్లీ. మన పల్నాటికి కొత్తగా వచ్చినవాళ్లలో శ్రీనాథుణ్ణి మించిన విమర్శకుడు లేడు. కొండవీడు రెడ్డిరాజుల కొలువులో విద్యాధికారి. ఇక్కడికొచ్చి చూస్తే రాళ్లు, తేళ్లు, జొన్నకూడు. ఆయనవని చెప్పుకునే చాటువుల్లో మన సీమను కడిగి ఆరేశాడు, రసికుడనేవాడు ఇటు రాడన్నాడు. బాగుంది. దానివల్ల పల్నాటికి ఒరిగిందేంటి?

మేనకోడలు: ఆయనన్నది అబద్ధమా? నీళ్లు లేవన్నది నిజమే గదా. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీళ్లొదిలేదాకా ఇక్కడి వాళ్లు ఏం తిన్నారో అమ్మమ్మనడుగు.

మామయ్య: నీళ్లు లేవన్నాడు. కాలువ తవ్వమన్నాడా?

మేనకోడలు: కాలువ తవ్వడం కవి పనా? నీళ్లు లేవని చూడటం ఆయన పని. ఇక్కడే పుట్టినవాళ్లు జొన్నకూడు తింటూ ఇదే లోకమనుకున్నారు. అదీగాక పల్నాటి వీరచరిత్ర ద్విపదలో రాసింది ఆయనేనని సంప్రదాయం. తిట్టినవాడే మన కథ మనకు రాసిచ్చాడు. మీ గో వాళ్లు నన్ను పొమ్మంటే ఆ రెండోది రాదు.

(శ్రీనాథుణ్ణి ఇద్దరూ తమ వైపే లాక్కున్నారు. ఆయనకు ఇది కొత్త కాదు.)

మామయ్య: నిన్నెవరు పొమ్మన్నారు?

మేనకోడలు: చూపిస్తానుండు. నిన్న రాత్రి నుంచి చెబుదామనుకుంటున్న అసలు సంగతి ఇదే. మా వీధిలో ఏడో తరగతి పిల్లలకు పైథాన్ చెబుతున్నా తెలుసుగా. వేరియబుల్ పేర్లు తెలుగులోనే పెట్టిస్తా. పేరు, మార్కులు, మొత్తం. "మొత్తం" అంటే వాళ్లకు వెంటనే ఎక్కుతుంది, "టోటల్" అంటే స్పెల్లింగ్ దగ్గర ఆగిపోతారు. పైథాన్ కిక్కురుమనకుండా ఒప్పుకుంటుంది. ఆ మార్కుల ప్రోగ్రామే సాధన కోసం గోలోకి మార్చా. మొదటి లైన్లో "పేరు" అని కొట్టా. కంపైలర్ ఏమందో తెలుసా? పేరులో చెల్లని అక్షరం ఉంది, యు ప్లస్ 0సీ47 అంది. వెతికితే అది ఏత్వం.

మామయ్య: గోలో యూనికోడ్ చెల్లుతుందే.

మేనకోడలు: నేనూ అదే అనుకున్నా. సగమే చెల్లుతుంది. యూనికోడ్ దేన్ని "అక్షరం" అంటుందో అదీ, అంకెలూ, కింద గీత, అంతే. మన అచ్చులు, హల్లులు అక్షరాలు. గుణింతాలు, పొల్లు, సున్నా మాత్రం అక్షరాలు కావు, అక్షరానికి అంటుకునే గుర్తులట. గుర్తులు పేర్లలో చెల్లవు. ఒకటో తరగతి అక్షరమాల పట్టీ దగ్గర పెట్టుకుని ఒక్కోటీ కొట్టి చూశా. అమ్మ, చెల్లదు, మ కింద మ ఉంది గదా, మధ్యలో పొల్లు. ఆవు, కొమ్ముంది, చెల్లదు. ఇల్లు చెల్లదు. ఈగ చెల్లింది! ఉడత చెల్లింది. ఊయల చెల్లింది. ఎలుక, ఏనుగు, ఐదు, ఒంటె ఒక్కటీ చెల్లలేదు. ఓడ చెల్లింది. ఔషధం, చివర సున్నా, పోయింది. పన్నెండింట్లో నాలుగు మిగిలాయి. పలక చెల్లుతుంది, బలపం చెల్లదు. ఇంకో తమాషా, తెలుగు అంకెలు పేరు మధ్యలో హాయిగా చెల్లుతాయి. ఆ అంకెలు మనమే వాడం!

(ఈ పట్టీ ఆమె నాకూ చూపించింది. చెల్లిన వాటి పక్కన పచ్చ చుక్క, చెల్లని వాటి పక్కన ఎర్ర చుక్క. "అమ్మ" పక్కన ఎర్ర చుక్క చూస్తే ఎవరికైనా కాస్త కష్టంగానే ఉంటుంది. ఇంతకుముందు దాకా మామయ్య వైపు ఒరిగి ఉన్న నేను అక్కడ నిటారుగా కూర్చున్నాను.)

మామయ్య: ఇది పొరపాటున జరిగింది కాదు. ఆ గుర్తులను కావాలనే మినహాయించామని, దానివల్ల దేవనాగరిలాంటి లిపులు బయటపడిపోతాయని వాళ్లే రాసి పెట్టారు.

మేనకోడలు: తెలుసు. చదివా. కావాలనే మినహాయించాం అని చదివినప్పుడు ఎలా ఉంటుందో నీకు తెలుసా?

మామయ్య: కారణం కూడా వినాలి గదా. "కై" అని రాయి. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా పెట్టొచ్చు, ఎత్వం మీద ఐత్వపు తోక తగిలించి రెండు గుర్తులుగానూ పెట్టొచ్చు. తెర మీద రెండూ ఒకటే. కంపైలర్‌కు రెండు వేర్వేరు పేర్లు. ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా కొడితే, కళ్లకు కనపడని తప్పు వెతుక్కుంటూ నీ పిల్లలు ఏడుస్తారు. గో రూపాలను కలపదు, ఉన్నది ఉన్నట్టు చూస్తుంది. నియమం చిన్నదిగా ఉండాలి, కంపైలర్ వేగంగా ఉండాలి. అక్షరం, అంకె అంతే అంటే గుర్తుపెట్టుకోవడం తేలిక.

మేనకోడలు: ఎవరికి తేలిక? ఇంగ్లీషు రాసేవాడికి ఆ నియమం ఉన్నట్టే తెలియదు. నీ ఐత్వం బాధకు మందుంది. పైథాన్ 2007లోనే మార్టిన్ ఫాన్ లోవిస్ ప్రతిపాదనతో తీర్చుకుంది. పేర్లన్నిటినీ ముందు ఒకే రూపానికి తెచ్చుకుని తర్వాత పోలుస్తుంది. ఏ గుర్తు పేరులో రావచ్చో యూనికోడ్ వాళ్లే పట్టిక ఇచ్చారు. జావాస్క్రిప్ట్‌లో తెలుగు పేర్లు చెల్లుతాయి, జావాలో చెల్లుతాయి, 2021 నుంచి రస్ట్‌లోనూ చెల్లుతున్నాయి. ఇన్ని భాషలకు మోయగలిగిన బరువు గోకు మాత్రం ఎందుకు మోపెడైంది?

మామయ్య: తెలుగులో కోడ్ ఎవరు రాస్తారమ్మా? నా టీమ్‌లో ఒకడు పోలండులో, ఒకామె బ్రెజిల్‌లో. నేను "మొత్తం" అని రాస్తే వాళ్లేం చదువుతారు?

మేనకోడలు: అది మీ టీమ్ పెట్టుకునే నియమం. భాష పెట్టాల్సింది కాదు. పోలిష్ వాడు తన అక్షరం మీద తోకలు పెట్టుకుని రాసుకోవచ్చు, ఎందుకంటే ఆ తోకతో సహా అది యూనికోడ్‌లో ఒకే అక్షరం. బ్రెజిల్ ఆమెకూ అంతే. రాసుకోగలిగీ రాయరు. మాకు ఆ మొదటిదే లేదు. ఎవరూ రాయడం లేదు గనక అక్కర్లేదంటున్నావు. రాయనిస్తే గదా!

మామయ్య: (కాసేపు ఆగి) ఇంకోటుంది, నువ్వు చూశావో లేదో. గోలో ఒక ప్యాకేజీ నుంచి పేరు బయటికి కనపడాలంటే మొదటి అక్షరం పెద్దబడి అయ్యుండాలి.

మేనకోడలు: తెలుగులో పెద్దబడి, చిన్నబడి లేవు. అంటే చెల్లిన ఆ నాలుగూ, ఈగ, ఉడత, ఊయల, ఓడ, ఇల్లు దాటి బయటికి రాలేవు. రావాలంటే ముందు ఇంగ్లీషు ఎక్స్ తగిలించాలంట. ఎక్స్‌ఈగ! జపాన్ వాళ్లకూ ఇదే మందు చెప్పారు. ఇది ఏమాత్రం సంతృప్తికరం కాదని వాళ్లే ఒప్పుకున్నారు, ఒప్పుకుని అలాగే ఉంచారు.

మామయ్య: ఒప్పుకున్నారు గదా. చర్చ ఇంకా నడుస్తోందని, ముందు ముందు సడలించవచ్చని కూడా అన్నారు.

మేనకోడలు: 2009 నుంచి ముందు ముందేనా?

మామయ్య: నువ్వు కోపంతో మాట్లాడుతున్నావు. కోపంతో వచ్చిన కొత్తవాడి మాట ఎవరూ వినరు.

మేనకోడలు: గిడుగు రామమూర్తి పంతులు గారిని ఏమంటావు మరి? బళ్లో చెప్పారు, కథ ఎక్కడ మొదలైందో. 1906 ప్రాంతంలో యేట్స్ అని ఒక ఇంగ్లీషు దొర ఉత్తరాది జిల్లాల బడులకు ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తెలుగు నేర్చుకుంటూ అడిగాడు, జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాల్లో తెలుగు ఇంకోటి, ఎందుకని. అంతకంటే కొత్తవాడుంటాడా? పుట్టినప్పటి నుంచి తెలుగులో ఉన్న పండితులకు ఆ ప్రశ్న రాలేదు. వచ్చినా తప్పనిపించలేదు.

మామయ్య: యేట్స్ అడిగి ఊరుకున్నాడు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకునే గిడుగు దాన్ని పట్టుకుని 1940లో పోయేదాకా వదల్లేదు. అడిగినవాడు వేరు, మోసినవాడు వేరు.

మేనకోడలు: మోసింది ఎలా మోశాడు? గ్రాంథికమే రాయాలన్న పండితుల పుస్తకాలే తీసి, చిన్నయసూరి 1858లో పెట్టిన వ్యాకరణం ప్రకారం వాటిలోనే ఎన్ని తప్పులున్నాయో ఏరి చూపించాడు. మీరే రాయలేని భాషను పిల్లల చేత రాయిస్తారా అని. లెట్స్ ఎన్‌క్రిప్ట్ కథ సరిగ్గా అదే. గో చేయి తిరిగినవాళ్లే లూపులో పడ్డారని చూపించాక గదా కదిలారు.

మామయ్య: అదే నేను పొద్దుట్నుంచి చెబుతున్నది! ఏరి చూపించాలి.

మేనకోడలు: కానీ గుణింతం విషయంలో అలా ఏరడం కుదరదు మామయ్యా. లూపు తప్పు పాతవాళ్లకూ తగిలింది, కాబట్టి లెక్క దొరికింది. గుణింతం పాతవాళ్లకు ఎన్నటికీ తగలదు. ఇంగ్లీషులో పేర్లు పెట్టుకున్నవాళ్లకు, నీతో సహా, ఇది ఉన్నట్టే తెలియదు. ఇన్నేళ్లు గోలో ఉన్నావు, "అమ్మ" చెల్లదని ఇవాళ తెలిసింది నీకు. తగిలేది నాకూ, మా వీధి పిల్లలకూ. మేం కొత్తవాళ్లం గనక మా మాట లెక్కలోకి రాదంటే ఇది ఎవరి లెక్కలోకీ రాదు.

(ఇక్కడ నా ఓటు ఆమెకే. ఎర్రర్ల గొడవలో ఆమె తొందరపడిందనే ఇప్పటికీ అనుకుంటాను. ఆ మాటకొస్తే గో వాళ్లూ దాన్ని మార్చకపోవడమే మేలు చేశారేమో. కానీ కొందరికి మాత్రమే తగిలే దెబ్బను, తగలనివాళ్ల అనుభవంతో తూచడం ఏ లెక్కా కాదు.)

మామయ్య: సరే. రాస్తావా?

మేనకోడలు: ఏంటి?

మామయ్య: వాళ్లకు పంపే ప్రతిపాదన. ఎవరైనా పంపొచ్చు, ఇన్నేళ్లుండాలని నియమమేం లేదు. నీ అక్షరమాల పట్టీ అలాగే పెట్టు, రంగులతో సహా. పన్నెండు మాటలు, ఏ మాట ఏ గుర్తు దగ్గర ఆగిందో పక్కన రాయి. ఐత్వం సంగతి నువ్వే ముందు ఎత్తు, వాళ్లెత్తేదాకా ఆగొద్దు. పైథాన్ ఎలా కలుపుతోందో చూపించు. పాత కోడ్ ఒక్కటీ చెడదని చెప్పు, ఎందుకంటే ఇవాళ చెల్లని పేర్లే రేపు చెల్లుతాయి, ఇవాళ చెల్లేవన్నీ చెల్లుతూనే ఉంటాయి. దూలం కదిలించక్కర్లేదన్నమాట. పెద్దబడి గొడవ ఇందులో కలపొద్దు, అది వేరే కాగితం. రెండూ కలిపితే రెండూ పోతాయి.

మేనకోడలు: ఇదంతా పిల్ల కాకి నేనే రాయాలా? పెద్దవాడివి, నీ పేరుతో పంపితే వింటారు.

మామయ్య: నాకు తగలలేదుగా.

మేనకోడలు: (లాప్‌టాప్ తిప్పి) సగం రాత్రే రాసేశా. చదువు.

మామయ్య: ... ఈ మొదటి వాక్యంలో "చెత్త నియమం" అని ఉంది. అది తీసెయ్.

మేనకోడలు: తీసేస్తా. "ఏమాత్రం సంతృప్తికరం కాదు" అని పెడతా. అది వాళ్ల మాటే, కాదనలేరు.

మామయ్య: వాళ్లామాటన్నది ఎక్స్ తగిలించడం గురించి.

మేనకోడలు: అయితే ఆ మాట రెండో కాగితానికి దాచుకుంటా. దీన్లో "అమ్మ చెల్లదు" అని మొదలుపెడతా.